సమస్యాపూరణం: "గెలువలేదు వాఁడు గెలుపు నిలిపె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. విషయం బేస్‌బాల్, అందులోనూ ఆఖరి ఇన్నింగ్స్‌లలో బుల్‌పెన్ (మైదానం పక్కన చేయి సవరించుకునే చోటు) నుంచి వచ్చి బంతి అందుకునే రిలీఫ్ పిచ్చర్లు, అంటే మధ్యలో వచ్చి బంతి విసిరేవాళ్లు. ఆట తెలియనివారికి ఒక్క ముక్క. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకు మూడు అవుట్లు. మొదలుపెట్టిన పిచ్చర్ కనీసం ఐదు ఇన్నింగ్స్ వేసి, తన జట్టు ముందుండగా తప్పుకుని, ఆ ఆధిక్యం చివరిదాకా నిలిస్తే గెలుపు అతని ఖాతాలో పడుతుంది. మూడు పరుగులకు మించని ఆధిక్యంతో వచ్చి, ఒక ఇన్నింగ్స్ అయినా వేసి ఆట ముగించినవాడికి దక్కేది 'సేవ్'. ఇది 1969 నుంచి అధికారిక గణాంకం. ఒకే ఆటలో ఒకే మనిషికి గెలుపూ సేవూ రెండూ రావు. సమస్యలోని చిక్కు అదే, విప్పే దారీ అదే.

పాదరసం:

మొదట విసరి యొకఁడు మొగ్గుఁ దెచ్చి చనఁగఁ
జివరి మూఁడవుట్లు చెలఁగి తీసె,
వ్రాసి రాద్యు పేర వచ్చిన గెలుపును;
గెలువలేదు వాఁడు గెలుపు నిలిపె.

గుడ్డిదీపం: నడక బాగుంది. అయితే 'తీసె' అన్న క్రియకు కర్త ఎవరో నాలుగో పాదం దాకా తేలదు. ఈలోగా పాఠకుడు మొదటివాడే అవుట్లు కూడా తీశాడనుకుంటాడు. 'ఆద్యు పేర' అంటే నాకు బ్రహ్మదేవుడు బంతి విసిరినట్టు తోచింది. 'వ్రాసి రొకని పేర' అన్నా గణాలు సరిపోతాయి.

నిర్వాహకుడు: గుడ్డిదీపం గారితో ఏకీభవిస్తాను. ఇంకొక మాట. చివరి మూడు అవుట్లకే ఒక మనిషిని అట్టిపెట్టడం 1980ల చివర ఓక్లాండ్‌లో మేనేజర్ టోనీ లా రుస్సా, పిచ్చర్ డెనిస్ ఎకర్స్‌లీ జోడీతో స్థిరపడిన పద్ధతి. ఆ పనితోనే ఎకర్స్‌లీ 1992లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్, అత్యంత విలువైన ఆటగాడికిచ్చే ఎంవీపీ రెండూ కొట్టేశాడు. అంతకు ముందు గాసిజ్ లాంటి రిలీఫ్ పిచ్చర్లు రెండేసి, మూడేసి ఇన్నింగ్స్ మోసేవారు. పద్యం ఎవరికైనా అన్వయించేలా ఉంది. గుణమూ అదే, లోపమూ అదే: మనిషి కనబడడు.

కాన్సస్ కోడలు: అయితే మనుషుల్నే తెస్తున్నాను. 2014లో మా కాన్సస్ సిటీ రాయల్స్ జట్టు చివరి మూడు ఇన్నింగ్స్ వేసిన ముగ్గురు:

ఏడవది హెరేర, యెనిమిది డేవిసు,
గుక్క తిప్పుకొనఁగఁ గుదురలేదు;
తొమ్మిదవది రాఁగఁ దోడయ్యె హాలెండు;
గెలువలేదు వాఁడు గెలుపు నిలిపె.

పాదరసం: రెండో పాదం విన్నాక నాకూ ఊపిరాడలేదు! ఎదుటి జట్లు ఆరో ఇన్నింగ్స్‌లోపే పని చక్కబెట్టుకోవాలని ఆత్రపడేవట కదా. అది ఈ పాదంలో ఉంది. మొదటి పాదంలో 'ఏ', 'యె' యతి హాయిగా కుదిరింది.

నిర్వాహకుడు: చిక్కు ఏకవచనంలో ఉంది. ముగ్గురిని పిలిచి చివరకు 'వాఁడు' అంటే ఎవరు? హాలెండ్ ఒక్కడే అనుకుంటే సరే. ఆ ఏడు 46 సేవ్‌లు, గెలుపు ఒక్కటే. అప్పుడు ముందరి ఇద్దరూ పద్యానికి అతిథులవుతారు. డేవిస్‌ను కలుపుకుంటే మరీ ఇబ్బంది: 72 ఇన్నింగ్స్‌లో 109 మందిని స్ట్రైకౌట్ చేసి (మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేసి), తొమ్మిది ఇన్నింగ్స్‌కు 1.00 పరుగు సగటుతో నిలిచిన ఆ మనిషికి అదే ఏడు తొమ్మిది గెలుపులున్నాయి. 'గెలువలేదు' అనడం చెల్లదు.

తొలిమెట్టు: నా మొదటి పూరణ. తప్పులుంటే మన్నించండి. న్యూయార్క్ యాంకీస్ రిలీఫ్ పిచ్చర్ మరియానో రివేరా వేసే కట్టర్ అనే బంతి మీద.

కట్టరొకటె చాలు బ్యాటులన్ని విఱుగు,
పట్టుకొన్న చేయి పగిలినట్లు;
మూఁడు విఱిచి యొకని మోము వాడఁగఁ జేసె;
గెలువలేదు వాఁడు గెలుపు నిలిపె.

గుడ్డిదీపం: మొదటి పాదంలో యతిభంగం. 'క'కు 'బ్యా'తో మైత్రి లేదు. 'కట్టరొకటె చాలుఁ గఱ్ఱలన్ని విఱుగు' అనండి. యతి కుదురుతుంది, గణాలు చెక్కుచెదరవు, బ్యాటుకు తెలుగు కర్రా దొరుకుతుంది.

నిర్వాహకుడు: తొలి ప్రయత్నానికి ఇది గట్టి పద్యం. ఎడమచేతి బ్యాటర్ లోపలికి చివరి క్షణంలో దూసుకొచ్చే ఆ బంతి కర్రను సన్నగా ఉన్న పిడి దగ్గర తాకేది. మూడో పాదం కల్పన కాదు: 1999 వరల్డ్ సిరీస్ (టైటిల్ తేల్చే ఆఖరి పోరు) నాలుగో ఆటలో అట్లాంటా ఆటగాడు ర్యాన్ క్లెస్కో ఒకే దఫాలో మూడు బ్యాట్లు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఆట గెలుపు రోజర్ క్లెమెన్స్‌ది, సేవ్ రివేరాది. సమస్య అక్షరాలా సరిపోయింది. రివేరా వీడ్కోలు ఏడు 2013లో మినసోటా జట్టు విరిగిన బ్యాట్లతోనే ఊగుడు కుర్చీ చేయించి ఇచ్చింది. ఆ కుర్చీని పద్యంలోకి తెచ్చి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి.

ఎడమచేతి వాటం:

ఐదు నుండి చివరి యవుటు దాఁక విసరె
నలసినట్టి చేయి యదరలేదు;
విజయమన్నదేమొ వేరొకనికిఁ బోయె;
గెలువలేదు వాఁడు గెలుపు నిలిపె.

పాదరసం: ఎవరీ మనిషి? 'ఐదు' అంటే ఐదో ఇన్నింగ్సా, ఐదు గంటలా? కింద ఒక వాక్యం రాయవలసింది.

ఎడమచేతి వాటం: మ్యాడిసన్ బమ్‌గార్నర్. 2014 అక్టోబర్ 29, వరల్డ్ సిరీస్ ఏడో ఆట, కాన్సస్ సిటీ. కోడలు గారు క్షమించాలి.

నిర్వాహకుడు: ఇతను అసలు రిలీఫ్ పిచ్చరే కాదు, ఆట మొదలుపెట్టేవాడు. 26వ తేదీన ఐదో ఆటంతా తానే వేసి రాయల్స్‌కు ఒక్క పరుగూ ఇవ్వలేదు. మధ్యలో రెండు రోజులే విశ్రాంతి. తన జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో 3–2తో ముందుండగా ఐదో ఇన్నింగ్స్‌లో వచ్చి 68 బంతులు వేశాడు. తొమ్మిదిలో ఇద్దరు అవుటయ్యాక అలెక్స్ గోర్డన్ కొట్టిన బంతి ఫీల్డర్లను దాటిపోయి, అతను మూడో బేస్ చేరాడు. సాల్వడోర్ పెరెజ్ గాల్లోకి లేపిన బంతిని పాబ్లో సాండోవాల్ పట్టుకున్నాడు. మొదట స్కోరర్ గెలుపును బమ్‌గార్నర్ పేరనే రాసి, తరువాత దిద్దాడు. జట్టుకు ఆధిక్యం వచ్చినప్పుడు పిచ్చర్‌గా ఉన్నది జెరెమీ ఆఫెల్ట్ కాబట్టి గెలుపు అతనిదైంది, బమ్‌గార్నర్‌కు ఐదు ఇన్నింగ్స్ సేవ్ మిగిలింది. 'విజయమన్నదేమొ' అన్న ఆ 'ఏమొ'లో స్కోరర్ తటపటాయింపు వినిపించింది నాకు.

గుడ్డిదీపం: నాది కొంచెం వంకర చూపు. 'నిలిపె'ను 'ఆపె' అన్న అర్థంలో వాడుకున్నాను. 'బంటు' అంటే ఇక్కడ బ్యాటర్ మెల్లగా తట్టి వదిలిన బంతి.

బంటు బంతి పట్టి పక్కకు విసరెను
తొమ్మిదవది యందుఁ దొట్రుపడుచు;
నాల్గవ జయ మందినంతలోఁ జేజాఱె;
గెలువలేదు వాఁడు గెలుపు నిలిపె.

తొలిమెట్టు: ఇది కూడా రివేరాయేనా? 652 సేవ్‌లు చేసి, 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఒక్క ఓటూ తగ్గకుండా ఎన్నికైన మొట్టమొదటి మనిషిని పట్టుకుని గెలుపును ఆపాడంటారా!

గుడ్డిదీపం: అవును, రివేరాయే. 2001 వరల్డ్ సిరీస్ ఏడో ఆట. వరుసగా నాలుగో టైటిల్ యాంకీస్ గుమ్మందాకా వచ్చింది. అంతటివాడు కనుకనే ఆ ఒక్క విసురు ఇప్పటికీ చెప్పుకుంటున్నాం.

నిర్వాహకుడు: ఛందస్సు నిర్దోషం, శ్లేష అనుమతించదగినదే. అయినా మొదటి స్థానం ఎడమచేతి వాటం గారికే. దిద్దిన తొలిమెట్టు పద్యం రెండోది.

కాన్సస్ కోడలు: మేము ఓడిన ఆటకు మొదటి బహుమతా! గడువు ఒక్కరోజు పెంచండి. 2015 వరల్డ్ సిరీస్‌లో మేము న్యూయార్క్ మెట్స్‌ను ఓడించిన ఆఖరి ఆటను డేవిస్ ముగించిన తీరు మీద పంపుతాను.

నిర్వాహకుడు: పెంచాను. కానీ ఆ ఆట తొమ్మిదిలో తేలక పన్నెండో ఇన్నింగ్స్ దాకా సాగింది. అందులో అతను వచ్చేసరికి ఆధిక్యం ఐదు పరుగులు. గెలుపు లూక్ హోచెవర్‌ది, సేవ్ ఎవరికీ లేదు. 'గెలుపు నిలిపె' దగ్గర ఏం చేస్తారో చూస్తాను.