తీర్పుకు ముందు ప్రొబేషన్ ఆఫీసరు మా సంఘం దగ్గరకొచ్చారు, ఏం చెప్పమంటారు?

ప్రశ్న: డ్వాక్రా లీడరు, అమలాపురం దగ్గర పల్లె

మాది పదకొండు మంది సంఘం అండి. మాలో ఒకామె పక్కవీధిలో ఇంటిపనికి వెళ్ళేది. 2023లో ఆమె భర్త కొబ్బరి దింపులో చెట్టుమీంచి జారిపడ్డాడు. తొడకి రాడ్ వేయించాలన్నారు. సంఘం లోను అప్పటికే వాడేసుకుంది, బయట అప్పు పుట్టలేదు. పనిచేసే ఇంట్లో దిద్దుల జత తీసి తాకట్టు పెట్టింది. నాలుగో రోజుకే తెలిసిపోయింది. రాజమండ్రి మహిళా జైల్లో ఇరవై ఆరు రోజులుంది. అన్నాళ్ళూ పిల్లలిద్దరూ మా ఇంట్లోనే తిన్నారు. చిన్నవాడు రాత్రిపూట లేచి అమ్మేదని అడిగేవాడు.

ఇప్పుడు నేరం రుజువైంది. శిక్ష వేసేముందు, జైలుకు పంపకుండా వదలొచ్చా అని చూడ్డానికి, జడ్జిగారు ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టు అడిగారట. ఆయన మొన్న ఇంటికొచ్చి, "వదిలిపెడితే సంఘంలో ఉంచుకుంటారా, పని దొరుకుతుందా?" అన్నారు. పదో తారీకు మీటింగులో మాట్లాడి చెప్తానన్నాను. ఆరుగురు వద్దంటున్నారు. తను మళ్ళీ ఏదైనా చేస్తే కోర్టు మన మీదకొస్తుందని వాళ్ళ భయం. నిజంగా వస్తుందా?

జవాబు 1: రిటైరైన ప్రొబేషన్ ఆఫీసరు

రాదమ్మా. మంచిగా చెప్పినంత మాత్రాన మీరు జామీను అయిపోరు. మంచిగా ఉంటానని ఆమె రాసిచ్చే బాండు మీద ష్యూరిటీగా సంతకం పెట్టినవాళ్ళకే బాధ్యత, అదీ బాండులో రాసిన సొమ్ము వరకే. ష్యూరిటీ లేకుండా కూడా కోర్టు వదలొచ్చు.

ఇది 1958 నాటి ప్రొబేషన్ చట్టం. ఉరిశిక్షగానీ యావజ్జీవంగానీ పడే నేరం కాకపోతే, సెక్షన్ 4 కింద మూడేళ్ళ వరకు మంచి నడవడిక బాండు రాయించుకుని ఇంటికి పంపొచ్చు. పర్యవేక్షణ పెడితే ఏడాదికి తక్కువ ఉండదు. ఆఫీసరు పని హాజరు వేయించుకోవడం ఒక్కటే కాదు, ఉపాధి వెతికిపెట్టడం కూడా చట్టంలోనే ఉంది. షరతు తప్పితే మొదటిసారి యాభై రూపాయల వరకు జరిమానా వేసి బాండు కొనసాగించవచ్చు, లేదా అసలు నేరానికే శిక్ష వేయొచ్చు. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పండి.

స్థిరమైన ఇల్లో, క్రమంగా చేసే పనో ఉందని కోర్టుకు నమ్మకం కలగాలి. అందుకే మీ మాటకు అంత విలువ. నా సర్వీసులో ఊళ్ళో ఎవరూ నోరు విప్పక ఆడవాళ్ళు జైలుకెళ్ళడం చూశాను. రిపోర్టులో "స్థానికుల మద్దతు లేదు" అని రాయాల్సొచ్చినప్పుడల్లా చెయ్యి ఆడేది కాదు.

ఆమెకు లాయరు లేకపోతే 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది.

జవాబు 2: కాకినాడ గృహిణి

మా ఇంట్లోనూ ఇలాగే గొలుసు పోయింది. నమ్మి తాళాలిచ్చిన మనిషే తీసింది. ఆ ఇంటావిడ బాధ ఒక్కరూ మాట్లాడరేం?

జవాబు 3: రిటైరైన ప్రొబేషన్ ఆఫీసరు

మీరన్నది న్యాయమే అమ్మా. ప్రొబేషన్ ఇస్తూనే నష్టపరిహారం, ఖర్చులు కట్టమనే అధికారం సెక్షన్ 5లో ఉంది. దిద్దులు తిరిగొచ్చినా తాకట్టు విడిపించిన ఖర్చు ఎవరిదో లెక్క తేలాలి. జైల్లో కూర్చుంటే ఆ బాకీ తీర్చేదెవరు?

జవాబు 4: విజయవాడ

నేను మూడేళ్ళ బాండు పూర్తి చేశాను అక్కా. నెలనెలా ఆఫీసుకు వెళ్ళడం కష్టమనిపించలేదు. వెళ్ళొచ్చిన రోజు పక్కింటివాళ్ళు తలుపేసుకునేవాళ్ళు, అదే కష్టం. మా మిషన్ సెంటరామె మాత్రం తొలిరోజే జాకెట్ గుడ్డ చేతికిచ్చి "కాజాలు కుట్టు" అంది. ఇంకేం అడగలేదు. నేను నిలబడింది ఆ ఒక్క మాట మీదే. మీరు కూడా తనని ఏడిపించే ప్రశ్నలు వేయకుండా, మీటింగులో పక్కన కూర్చోబెట్టుకోండి చాలు. ఇంకోటి, సెక్షన్ 12 అని ఉంది. ఇలా వదిలేస్తే, శిక్షపడినవాళ్ళకి వేరే చట్టాల్లో ఉండే అనర్హతలు అంటవు. నాకు మా లాయరు చెప్పారు.

ప్రశ్న అడిగినవారు

మీటింగైంది. ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. యాభై రూపాయల మాట విని కొందరు నవ్వారు, సెక్షన్ 12 దగ్గర నిశ్శబ్దమైపోయారు. ఏడుగురు సరేనన్నారు. కొత్త లోను ఏడాది తర్వాత, పొదుపు మాత్రం ఈ నెల నుంచే అని రాసుకున్నాం. కొబ్బరిపీచు మిల్లులో రోజుకూలీకి మాట్లాడాను, మేస్త్రీ సోమవారం రమ్మన్నాడు. దిద్దుల ఇంటికి నేనే వెళ్ళాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. లేచి వస్తుంటే, "మీ ఇంట్లో తిన్న ఆ పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారా?" అని అడిగింది.

రిపోర్టుకి ముగ్గురం సంతకాలు పెట్టాం. తీర్పు ఇరవై నాలుగున. ఉదయం ఆరున్నర బస్సుకు అయిదుగురం బయల్దేరుతున్నాం.