అప్‌డేట్: ఆ 1966 మస్టాంగ్ సంగతి తేలింది

1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపేని ఒరిజినల్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కారు అంటూ అమ్ముతున్నారు, నమ్మొచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ముందు వీఐఎన్ (కారు గుర్తింపు నంబర్) చూశాను. 6ఆర్07టి అని మొదలైంది. ఐదో స్థానంలో టి ఉందంటే ఫ్యాక్టరీలో పెట్టింది 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజినే. 289 వీ8 అయితే అక్కడ సి, ఎ, కె లలో ఒకటి ఉండాలి. చక్రాలకు కూడా నాలుగేసి బోల్టులే, వీ8కి ఐదుంటాయి. అంటే ఇంజిన్ మాత్రం వీ8కి మార్చి, బ్రేకులు ఆరు సిలిండర్ల కారువే వదిలేశారు. అసలు టెన్షన్ అదే. అమ్మేాయన ధర తగ్గిస్తానన్నా వద్దన్నాను.

అన్నట్టు, ఆ నంబర్‌లో ఆర్ అంటే కారు తయారైన ఫోర్డ్ శాన్ హోసే ప్లాంట్. కాలిఫోర్నియాలోని మిల్పిటాస్‌లో మనవాళ్లు షాపింగ్‌కి వెళ్లే గ్రేట్ మాల్ ఒకప్పుడు అదే!

ఇప్పుడు సి కోడ్ కూపే ఒకటి చూస్తున్నాను. విండ్‌షీల్డ్ కింద గ్రిల్‌లో నీళ్లు పోసి, లోపలికి కారకపోతేనే బేరం.