ఎరుపు, ఆకుపచ్చ లేజర్లు కలిపితే పసుపు రావట్లేదు, ఎందుకు?

ప్రశ్న:
నా దగ్గర రెండు లేజర్ పాయింటర్లున్నాయి, ఒకటి 650 నానోమీటర్ల ఎరుపు, ఇంకోటి 532 ఆకుపచ్చ. రెండింటి మీదా 5 మిల్లీవాట్లనే ఉంది. తెల్ల గోడ మీద రెండు చుక్కలూ ఒకే చోట పడేలా స్టాండ్లకి బిగించాను. పసుపు వస్తుందనుకుంటే ఆకుపచ్చే కనిపిస్తోంది, కాకపోతే కాస్త లేతగా. ఎక్కడ తప్పు చేస్తున్నాను? అసలు రెండూ కలిస్తే నిజంగా పసుపు తరంగదైర్ఘ్యం పుడుతుందా?

జవాబు 1:
తప్పేమీ లేదండీ, ఆకుపచ్చ ఎక్కువైంది, అంతే. పవర్ సమానంగా ఉన్నంత మాత్రాన కంటికి వెలుగు సమానంగా కనిపించదు. పగటి వెలుతురులో మన కన్ను అన్నిటికంటే బాగా పట్టుకునేది 555 నానోమీటర్ల దగ్గర, 650కి వచ్చేసరికి అది దాదాపు పదో వంతుకి పడిపోతుంది, అందుకే అవే 5 మిల్లీవాట్లకి మీ ఆకుపచ్చ ఎరుపు కంటే 8 రెట్లు మెరుస్తుంది. దాన్ని సుమారు మూడో వంతుకి తగ్గించండి, పసుపు వస్తుంది. ఆకుపచ్చ కిరణానికి మాత్రమే ఒక నల్ల కళ్ళద్దం అడ్డుపెడితే చాలు. ఎరుపు పవర్ పెంచే పని మాత్రం పెట్టుకోవద్దు, కళ్ళకి ప్రమాదం.

జవాబు 2:
రెండో ప్రశ్నకి: పుట్టదు. పసుపు పుట్టేది మన చూపులోనే. కంట్లో రంగుని పట్టే కణాలు మూడు రకాలు, వాటిలో రెండు రకాలు అసలు పసుపు కాంతికి ఎలా స్పందిస్తాయో ఈ ఎరుపు, ఆకుపచ్చల జంటకీ అలాగే స్పందిస్తాయి, మెదడుకి తేడా తెలిసే దారే లేదు. అనుమానముంటే ఆ రెండు కిరణాల్నీ ఒకే దారిలో పట్టకం గుండా పంపండి, మళ్ళీ ఎరుపు వేరు, ఆకుపచ్చ వేరు. ఎరుపు, నీలం కలిపితే వచ్చే మెజెంటా ఇంకా విచిత్రం, దానికి సొంత తరంగదైర్ఘ్యమే లేదు.

జవాబు 3:
కొత్త తరంగదైర్ఘ్యం నిజంగానే పుట్టాలంటే తగిన స్ఫటికం కావాలి. మామూలుగా 532 పాయింటర్లో జరిగేది అదే, కంటికి కనిపించని 1064 పరారుణ కాంతి తరంగదైర్ఘ్యం స్ఫటికంలో సగమై 532 అవుతుంది. పెద్ద టెలిస్కోపుల దగ్గర ఆకాశంలోకి వదిలే 589 పసుపు లేజర్ని 1064, 1319 కలిపి కూడా తయారు చేస్తారు. కానీ అక్కడ శక్తులు కూడుకుంటాయి, శక్తి పెరిగితే తరంగదైర్ఘ్యం తగ్గుతుంది కాబట్టి మీ ఎరుపు, ఆకుపచ్చ అలా కలిస్తే వచ్చేది పసుపు కాదు, 293 దగ్గర అతినీలలోహితం!

ప్రశ్న అడిగినవారు:
నల్లద్దం పెట్టి చూశాను, వచ్చేసింది! ఒక అద్దంతో పసుపు, రెండు పెడితే నారింజ. పట్టకం దొరకలేదు, దొరకగానే అదీ చూసి ఇక్కడే రాస్తాను.