వాలు అంటే కిందికి దిగేదేనా?

మాది తిరుపతి. పాప ఇంటర్ మొదటి సంవత్సరం, తెలుగు మీడియం. రాత్రి సరళరేఖల లెక్కలు చేస్తా అడిగింది: "నాయనా, ఈ గీత పైకి ఎక్కుతా ఉంది కదా, దీనికి వాలు ఏంది?" పొద్దు వాలింది, పిట్ట వాలింది అంటాం కాబట్టి వాలడమంటే దిగడమేనని దాని అనుమానం. నాకు జవాబు తోచలేదు.

లెక్క ఇది: (2, 3), (6, 11) బిందువుల గుండా పోయే రేఖ సమీకరణం కావాలి. నిలువు తేడా 8, అడ్డం తేడా 4, భాగిస్తే వాలు 2. వై − 3 = 2(ఎక్స్ − 2), అంటే వై = 2ఎక్స్ − 1. ఎక్స్ చోట 6 పెడితే వై 11 వచ్చింది, రెండో బిందువూ కుదిరింది. లెక్కలో చిక్కు లేదు, మాటలోనే ఉంది.

జవాబు: అన్నా, వాలడమంటే ఒరగడం కూడా. గోడకు వాలి కూర్చుంటాం, వాలుకుర్చీ అంటాం. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ కొండ వాలు ఒకటే కదా. పాపను బిందువులు తారుమారు చేసి చూడమనండి: 3 − 11 = −8, 2 − 6 = −4, భాగిస్తే మళ్ళీ 2. ఎడమ నుంచి కుడికి పోతూ ఎక్కితే ధనం, దిగితే ఋణం అన్నది లెక్కవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు.

ఇంకో జవాబు: నాకు మంచం వాల్చడం గుర్తొచ్చింది. గోడకు నిలబెట్టిన నులకమంచాన్ని నేల మీదికి వాలుస్తాం. మన మాటలో అది పూర్తిగా వాలిపోయినట్టు, లెక్కలో మాత్రం దాని వాలు సున్నా! నిటారుగా నిలబడ్డ గీతకేమో అడ్డం తేడా సున్నా. సున్నాతో భాగించలేం కాబట్టి దానికి వాలే చెప్పలేం, ఎక్స్ = 5 అన్నట్టు రాయాలి. మన మాట నిలువు నుంచి కొలుస్తుంది, లెక్క నేల నుంచి కొలుస్తుంది. పిల్లలు తడబడేది ఇక్కడే, బడిలో ఇది ముందే చెప్పాలి. వాలుకు బదులు 'ప్రవణత' అందామంటే, సంస్కృతంలో ప్రవణమన్నా పల్లానికి ఒరిగినదనే. ఇంట్లో వాడే 'వాలు'నే ఉంచుకుందాం.

అన్నా, అక్కా, ఇద్దరికీ దండాలు. పాపకు చదివి వినిపించాను. తర్వాతి లెక్కలో బిందువులు (1, 7), (3, 3). వాలు −2, వై = −2ఎక్స్ + 9 అని తనే తేల్చి, "ఇది దిగే వాలు నాయనా" అనింది. ఎక్కే వాలుకు మీ ఊళ్ళో వేరే మాట ఏదన్నా ఉంటే చెప్పండి.