విజయవాడలో పరుగుకు ఏ వేళ హాయి? తెల్లవారుజామా, సాయంత్రమా?

బెజవాడ_రన్నర్:
5 కి.మీ. ఆగకుండా పరుగెత్తగలను. ఉదయం 5 గంటలకు బయల్దేరితే మొదటి రెండు కిలోమీటర్లు కాళ్లు కదలవు, చెమట ఆరదు. ఆఫీసయ్యాక 6.30కి వెళ్తే కాళ్లు బాగానే ఆడుతున్నాయి గానీ గుండె దడ ఎక్కువ. ఫోన్‌లో తేమ ఉదయం 80 శాతం, సాయంత్రం 50 శాతం చూపిస్తోంది. అంటే ఈ మే నెలలో సాయంత్రమే నయమా? రేసుల కోసం కాదండి, ఇష్టంగా సాగితే చాలు.

నెమ్మది_పరుగు:
ఆ శాతాలు చూసి మోసపోకండి. 27, 28 డిగ్రీల దగ్గర 80 శాతం, 36 డిగ్రీల దగ్గర 50 శాతం అంటే గాలిలో ఉన్న నీటి ఆవిరి దాదాపు ఒకటే. వేడి గాలికి ఆవిరిని పట్టే శక్తి ఎక్కువ, అందుకే శాతం తగ్గి కనిపిస్తుంది. యాప్‌లో డ్యూ పాయింట్ చూడండి, అంటే గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత; అది రెండు పూటలా 24 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఉక్క అంతే ఉండి, సాయంత్రం ఎనిమిది డిగ్రీల వేడి అదనం. పైగా పగలంతా కాగిన తారు రోడ్డు సెగ. రక్తం కాళ్లకీ, చల్లబరచడానికి చర్మానికీ వెళ్లాలి కాబట్టి దడ. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా ఉదయమే.

కాళ్లు బిగుసుకోవడానికి కారణం వేరు. నిద్ర లేచే ముందు, 4, 5 గంటల ప్రాంతంలో ఒంటి వేడి అన్నిటికన్నా తక్కువ. లేచిన 10 నిమిషాల్లో పరుగందుకుంటే ఎవరికైనా అంతే. లేచాక ఒక గ్లాసు నీళ్లు, అరటిపండు సగం. అరగంట ఆగి 8 నిమిషాలు చురుగ్గా నడక, గోడ పట్టుకుని ఒక్కో కాలు ముందుకీ వెనక్కీ 10 ఊపులు. మొదటి కిలోమీటరు పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదిగా. మే చివర్లో 5.30కే పొద్దు పొడుస్తుంది, 6.15కల్లా ముగించేయండి.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున వెళ్లే ముందు డాక్టర్ని అడగాలి.

చెమట_లెక్క:
ఉదయం కుదరని రోజు 6.30 వద్దు, 7.30 చేయండి. మధ్యాహ్న భోజనం భారీగా ఉంటే మూడు గంటలు ఎడం, 5.30కి రెండు ఇడ్లీలు చాలు. ఆఫీసు కింద మిరపకాయ బజ్జీ తిని పరుగెత్తితే రెండో కిలోమీటర్లో పులితేన్పులు ఖాయం. గట్టిగా పరుగెత్తితే నిద్రకు రెండు గంటల ముందే ఆపాలి, లేకపోతే పడుకున్నా ఒళ్లు చల్లబడదు.

నీళ్ల లెక్కకు ముందూ వెనకా ఒంటిమీద బట్టలు లేకుండా తూకం చూసుకోండి. మధ్యలో నీళ్లు తాగకపోతే అర కిలో తగ్గిందంటే అర లీటరు చెమట. గంట లోపు పరుగుకు మామూలు నీళ్లు చాలు. ఓఆర్ఎస్ కలిపితే పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలో, తక్కువ నీళ్లలో కలిపితే కడుపు తిప్పుతుంది.

బెజవాడ_రన్నర్:
డ్యూ పాయింట్ సంగతి ఇప్పుడర్థమైంది, థాంక్సండి. మరి డిసెంబరు, జనవరిలో కూడా తెల్లవారుజామేనా?

నెమ్మది_పరుగు:
కాదు, అప్పుడు తిరగేయాలి. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలకు అంటుకుని ఉంటుంది. బండ్ల పొగ, చెత్త కాల్చిన పొగ పైకి పోకుండా అక్కడే నిలుస్తాయి. ఎండ కాసి నేల వేడెక్కాకే కలిసి పలచబడతాయి. జనవరిలో సూర్యోదయమే 6.40 కాబట్టి 7 గంటలకు కూడా పొగ వాసన తగులుతుంది. సెలవు రోజైతే సాయంత్రం 4, 4.30 అన్నిటికన్నా హాయి: ఒంటి వేడి పెరిగి ఉంటుంది, ఎండ చురుకు ఉండదు, గాలీ నయం. ఆఫీసు రోజుల్లో తప్పక ఉదయమే వెళ్తే బందరు రోడ్డు లాంటివి వదిలేసి లోపలి పార్కు చూసుకోండి. ఏక్యూఐ (గాలి ఎంత కలుషితమో చెప్పే సూచీ) చూసేటప్పుడు ఒక జాగ్రత్త: మన దగ్గర అధికారిక అంకె 24 గంటల సగటు. ఆ గంట పరిస్థితి తెలియాలంటే దగ్గర్లోని గాలి కొలిచే స్టేషన్ గంటవారీ పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) గ్రాఫ్ తెరవాలి.