చాప్ (పాస్‌వర్డ్ తనిఖీ) పెట్టగానే పీపీపీ (రెండు రౌటర్ల మధ్య లైను నడిపే పద్ధతి) లింకు పడిపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా బాబాయి కమీషన్ కొట్టు, విజయవాడ ఆటోనగర్‌లో బ్రాంచి. మధ్యలో లీజ్డ్ లైను, రెండు చివర్లా పాత సిస్కో రౌటర్లు. లెక్కలు రాసుకునే నాకే ఈ పనీ అంటగట్టారు.

సీరియల్ ఇంటర్‌ఫేస్‌లో మామూలుగా ఉండే హెచ్‌డీఎల్‌సీ పద్ధతి బదులు రెండు వైపులా 'ఎన్‌క్యాప్సులేషన్ పీపీపీ' ఇచ్చాను. ఐపీలు 10.10.10.1, 10.10.10.2, మాస్క్ 255.255.255.252. పింగ్ చక్కగా వెళ్తోంది. 'పీపీపీ అథెంటికేషన్ చాప్' కొట్టానో లేదో, ఇంటర్‌ఫేస్ అప్, లైన్ ప్రోటోకాల్ డౌన్! అది తీసేస్తే మళ్లీ బతుకుతుంది.

యూజర్‌నేమ్‌గా అవతలి రౌటర్ హోస్ట్‌నేమ్ (రౌటర్‌కు పెట్టిన పేరు), పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే ఇచ్చాను. 'డీబగ్ పీపీపీ అథెంటికేషన్'లో గుంటూరు నుంచి ఛాలెంజ్ (పాస్‌వర్డ్ తెలుసా అనే పరీక్ష) వెళ్తోంది, విజయవాడ నుంచి రెస్పాన్స్ వస్తోంది, వెంటనే ఫెయిల్యూర్. విజయవాడ హోస్ట్‌నేమ్‌లో మొదటి అక్షరం క్యాపిటల్, నేను యూజర్‌నేమ్‌లో అన్నీ చిన్నవే కొట్టాను. కొంపముంచింది ఇదేనా? లేక కాపీ పేస్ట్‌లో పాస్‌వర్డ్ చివర స్పేస్ ఏమైనా చేరి ఉంటుందా? హోస్ట్‌నేమ్ మార్చకుండా 'పీపీపీ చాప్ హోస్ట్‌నేమ్' (చాప్‌కు మాత్రం వేరే పేరు చెప్పే ఆదేశం) వాడితే సరిపోతుందా?

ఇంకోటి. విజయవాడ రౌటర్‌లోకి ఈ లైను మీదుగానే టెల్‌నెట్ (దూరం నుంచి లాగిన్) అవుతాను. మొన్న అది పడిపోతే కన్సోల్ కేబుల్ సంచిలో వేసుకుని బస్సెక్కాల్సి వచ్చింది. ముందుగా 'రీలోడ్ ఇన్ 10' (పది నిమిషాల తర్వాత రౌటర్ దానంతటదే రీస్టార్ట్ అయ్యే ఆదేశం) ఇచ్చి, సేవ్ చేయకుండా మార్పులు చేస్తే, లైను తెగినా పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది కదా? సీజన్‌లో పగలు లైను ఆపితే బాబాయి ఊరుకోడు, రాత్రి 9 దాటాకే ప్రయత్నిస్తాను.