టాక్సాల్‌తో పాటు వేరే సైట్‌ డ్రగ్ కలిపితే నిజంగా సినర్జీ వస్తుందా?

సెల్‌బయో_స్టూడెంట్:
అందరికీ నమస్తే. పీహెచ్‌డీ ఫస్ట్ ఇయర్, జర్నల్ క్లబ్‌లో మైక్రోట్యూబ్యూల్ స్టెబిలైజర్ల (సెల్ లోపలి సన్నటి ప్రొటీన్ గొట్టాలు విడిపోకుండా ఆపే, క్యాన్సర్ మీద చూసే డ్రగ్స్) మీద మాట్లాడాలి. పాక్లిటాక్సెల్ (టాక్సాల్), డోసెటాక్సెల్, ఎపోథిలోన్లు అన్నీ ఆ గొట్టాల్ని కట్టే ప్రొటీన్ బీటా ట్యూబ్యులిన్ మీద ఒకే పాకెట్‌లో, గొట్టం లోపలి వైపు కూర్చుంటాయి, లాలిమలైడ్, పెలోరుసైడ్ మాత్రం బయటి వైపు ఇంకో చోట పట్టుకుంటాయి, ఇంతవరకు ఓకే. నా డౌట్ ఏంటంటే రెండు రకాలూ చేసేది ఒకే పని కదా, గొట్టం విడిపోకుండా ఆపడం, మరి కలిపి ఇస్తే ఒకదాని డోస్ పెంచినట్టే ఉండాలి గానీ అంతకు మించి, అంటే సినర్జీ, ఎందుకొస్తుంది? వస్తే పేషెంట్ల దాకా ఎందుకు రాలేదు?

ట్యూబ్యులిన్_ల్యాబ్:
మంచి డౌట్ అండి. ఎపోథిలోన్ వేస్తే పాక్లిటాక్సెల్‌ని పాకెట్‌లోంచి తోసేస్తుంది, సీటు ఒకటే కాబట్టి. లాలిమలైడ్ అలా కాదు, పాక్లిటాక్సెల్ ఉన్న పాలిమర్ (ట్యూబ్యులిన్ కలిసి ఏర్పడిన గొట్టం) మీదే ఇది కూడా ఎక్కుతుంది, రెండూ ఒకేసారి ఉండగలవు. లాలిమలైడ్, పెలోరుసైడ్ మాత్రం వాటిలో అవి పోటీ పడతాయి, కాబట్టి ఆ రెండిటిదీ ఒకటే సైట్. 2014లో వచ్చిన క్రిస్టల్ స్ట్రక్చర్లు చూడండి, తప్పకుండా స్లైడ్‌లో పెట్టండి. మైక్రోట్యూబ్యూల్‌లో మామూలుగా 13 ప్రోటోఫిలమెంట్లు (ట్యూబ్యులిన్ వరసలు) పక్కపక్కనే ఉంటాయి, టాక్సేన్ డ్రగ్ (పాక్లిటాక్సెల్ లాంటిది) లోపల ఎం-లూప్ (పక్క వరసని పట్టుకునే ట్యూబ్యులిన్ భాగం) దగ్గర పని చేస్తుంది, లాలిమలైడ్ బయట రెండు ప్రోటోఫిలమెంట్లు కలిసే అంచు దగ్గర ఉండి పక్కదాన్ని కూడా తాకుతుంది. పని ఒకటే అయినా పట్టు వేరే చోట, అందుకే డోస్ పెంచినట్టు అనుకోకూడదు.

క్యూవెట్‌లో (కొలిచే చిన్న పాత్రలో) ప్యూరిఫైడ్ ట్యూబ్యులిన్ తీసుకుని 350 నానోమీటర్ల దగ్గర టర్బిడిటీ (గొట్టాలు ఏర్పడే కొద్దీ పెరిగే మసక) చూస్తే ఇది కళ్లకు కనిపిస్తుంది, విడివిడిగా తక్కువ మోతాదులో వేస్తే గీత నెమ్మదిగా కొంచెం లేస్తుంది, రెండూ కలిపి వేస్తే ఆ రెండిటినీ కూడితే వచ్చేదాని కంటే బాగా పైకి పోతుంది.

రాత్రి_మైక్రోస్కోప్:
పై జవాబు కరెక్టే గానీ క్యూవెట్ వేరు, సెల్ వేరు. క్యూవెట్‌లో మనం మైక్రోమోలార్‌లో వేస్తాం, సెల్స్‌లో పాక్లిటాక్సెల్ కొన్ని నానోమోలార్‌కే పని చేస్తుంది, ఆ డోస్‌లో పాలిమర్ మొత్తం పెద్దగా పెరగదు, గొట్టాలు పెరిగి తరిగే వేగం తగ్గిపోయి స్పిండిల్ (సెల్ విడిపోయేటప్పుడు క్రోమోజోమ్‌లను పంచే నిర్మాణం) దెబ్బతింటుంది. అందుకే అసెంబ్లీ గ్రాఫ్ (పైన చెప్పిన టర్బిడిటీ గీత) చూపించి సెల్స్‌లో కూడా ఇదే కారణం అనేయకండి. ఇంకోటి, డిస్కోడెర్మోలైడ్ అనే ఇంకో స్టెబిలైజర్ టాక్సేన్ సైట్‌కే అతుక్కుంటుంది, అయినా పాక్లిటాక్సెల్‌తో కలిపితే కార్సినోమా సెల్ లైన్లలో సినర్జీ వచ్చిందని 2000లోనే రిపోర్ట్ చేశారు. అంటే సైట్ వేరైతేనే సినర్జీ అనే రూల్ లేదు. సినర్జీ అన్న ప్రతి పేపర్‌లో కాంబినేషన్ ఇండెక్స్ (రెండు డ్రగ్స్ కలిసి ఎలా పని చేశాయో చెప్పే అంకె) చూడండి, 1 కంటే తక్కువైతే సినర్జీ, 1 దగ్గరైతే అడిటివ్ (కూడితే వచ్చేంతే), పైనుంటే ఆంటాగనిజం (అంతకంటే తక్కువ), అది కూడా ఏ నిష్పత్తిలో, ఎంత శాతం సెల్స్ చనిపోయే చోట లెక్కేశారో చూడాలి, నిష్పత్తి మారితే ఫలితం మారిపోతుంది.

సెల్‌బయో_స్టూడెంట్:
థాంక్యూ ఇద్దరికీ. మరి టాక్సాల్ రెసిస్టెన్స్ ఉన్న సెల్స్‌లో ఈ కాంబో ఇంకా బాగా పని చేయాలి కదా?

ఆంకో_ఫార్మా:
అక్కడే చాలామంది కలిపేస్తారు. సెల్ పొరలో ఉండే పీ-గ్లైకోప్రొటీన్ పంపు పాక్లిటాక్సెల్‌ని బయటకి తోసేస్తుంది, లాలిమలైడ్‌నీ పెలోరుసైడ్‌నీ అంతగా పట్టించుకోదు, టాక్సేన్ సైట్ మ్యూటేషన్ ఉన్న సెల్స్ మీద కూడా ఇవి పని చేస్తాయి. కానీ అలాంటి సెల్స్‌లో చంపుతున్నది ఒక్క లాలిమలైడే, పాక్లిటాక్సెల్ ఉన్నా లేనట్టే, దాన్ని సినర్జీ అనకూడదు, రెసిస్టెన్స్‌ని దాటడం అనాలి. రెండూ ఉపయోగమే, కానీ వేరే వేరే ఉపయోగాలు.

పేషెంట్ల దాకా రాకపోవడానికి, లాలిమలైడ్, పెలోరుసైడ్ రెండూ సముద్రపు స్పాంజ్‌ల నుంచి వచ్చినవే, దొరికేది కొంచెం, సింథసిస్ పొడుగు. పైగా లాలిమలైడ్ ఎలుకల్లో ట్యూమర్‌ని పెద్దగా తగ్గించకుండానే టాక్సిసిటీ చూపించింది. డిస్కోడెర్మోలైడ్ ట్రయల్ అయితే ఊపిరితిత్తుల టాక్సిసిటీ వల్ల ఆగిపోయింది. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది నరాల సంగతి, పాక్లిటాక్సెల్‌తోనే పేషెంట్లకు చేతులూ కాళ్లూ తిమ్మిర్లు, మంటలు వస్తాయి, ఆక్సాన్ (నరం సెల్ పొడుగు తీగ) నిండా మైక్రోట్యూబ్యూల్సే కదా, ట్యూమర్‌లో వచ్చే సినర్జీ అక్కడా వస్తే పేషెంట్‌కి మిగిలే లాభం ఏంటి? అందుకే మీ స్లైడ్‌లో ట్యూమర్ సెల్స్ కాంబినేషన్ ఇండెక్స్ పెడితే, అదే నిష్పత్తిలో న్యూరాన్ల మీద ఎవరైనా చూశారా లేదా అన్నది దాని పక్కనే పెట్టండి.